చీటీ పాడిన డబ్బు కోర్సుకు కట్టమంటారా?

ప్రశ్న: నాకు మిర్యాలగూడలో ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు ఉంది. షాపు ఖర్చులు పోను నెలకు 45 వేల దాకా మిగులుతుంది. మా అమ్మాయి హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ ఈసీఈ మూడో ఏడాది చదువుతోంది. 64 శాతం మార్కులున్నాయి, ఒక సబ్జెక్టు ఉండిపోయింది. అబ్బాయి ఇంటర్ మొదటి ఏడాది. 20 నెలల నాలుగు లక్షల చీటీ 8వ నెలలో పాడుకుంటే 3,20,000 చేతికొచ్చాయి. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్లు, యాప్‌ల ప్రోగ్రామింగ్) కోర్సు, 100 శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్, ఫీజు 1,80,000 అంటున్నారు. 20 వేలు ముందు కట్టి, మిగతాది 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోవచ్చట. సీటు పోతుందంటే 5 వేలు కట్టాను. మా వీధిలో ఒకాయన రెండున్నర లక్షలిచ్చి కొడుకుని బ్యాక్‌డోర్‌లో ఉద్యోగంలో పెట్టించాడు. మా బావమరిది విదేశంలో ఎంఎస్‌కి పంపమంటున్నాడు. ఈ డబ్బు దేనికి పెట్టమంటారు?
(పేరు రాయవద్దన్న ఒక తండ్రి, మిర్యాలగూడ)

జవాబు: ముందు చీటీ సంగతి చూద్దాం. చేతికొచ్చిన 3,20,000లో మీరు ఇప్పటిదాకా కట్టింది, డివిడెండ్లు పోను, లక్షన్నర లోపే ఉంటుంది. ఇంకా 12 వాయిదాలున్నాయి. డివిడెండ్ తీసేసినా నెలకు 17 వేల నుంచి 20 వేల మధ్య కట్టాలి. అంటే ఇందులో సగానికి పైగా ముందుగా తీసుకున్న అప్పే. పాడుకున్న రోజు డబ్బంతా మనదే అనిపిస్తుంది, అది సహజం. కానీ మీకు మిగిలే 45 వేలలో చీటీ పోగా ఇంటికి వచ్చేది 26, 27 వేలు. అందులోంచే అబ్బాయి ఇంటర్ ఫీజు, అమ్మాయి హాస్టల్ ఖర్చు.

దీని మీద ఇప్పుడు ఈఎంఐ పెడితే ఏమవుతుందో చూడండి. 1,60,000ను 18 నెలలకు పంచితే నెలకు 8,889. ఇంటికి మిగిలేది 18 వేలు. యూరియా సీజన్ పోయాక షాపు రెండు నెలలు చప్పబడితే ఏదో ఒక వాయిదా ఆగుతుంది.

నో కాస్ట్ అన్న మాటకు మోసపోవద్దు. అప్పు ఇచ్చేది ఇన్‌స్టిట్యూట్ కాదు, దాని వెనకాల ఉన్న ఒక ఫైనాన్స్ కంపెనీ. ఆ కంపెనీ ఊరికే ఇవ్వదు, దాని వడ్డీని ఇన్‌స్టిట్యూట్ ముందే ఫీజులో కలిపేస్తుంది. "మొత్తం ఒకేసారి క్యాష్ కడితే ఎంత తగ్గిస్తారు?" అని అడిగి చూడండి. ఎంత తగ్గిస్తే అంతా వడ్డీయే. ఇంకో విషయం. అప్పు కాగితం మీద సంతకం మీది, లేదా మీ ఇద్దరిదీ. ఫీజు మొత్తం మొదటి వారంలోనే ఇన్‌స్టిట్యూట్ ఖాతాలో పడిపోతుంది. మూడో నెలలో వాళ్లు బోర్డు తిప్పేసినా మీ ఈఎంఐ మాత్రం ఆగదు. కట్టకపోతే సిబిల్ స్కోరు పాడయ్యేది సంతకం పెట్టినవాళ్లది. రేపు అదే అమ్మాయి చదువుకు లోన్ కావాలని బ్యాంకుకు వెళితే ఈ మచ్చ అడ్డొస్తుంది. ఇలాంటి అప్పు ఏది తీసుకున్నా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. అందులో అసలు వడ్డీ రేటు, అన్ని చార్జీలు ఒకే చోట ఉంటాయి. ఆ కాగితం చూపించనివాళ్ల దగ్గర సంతకం పెట్టకండి.

ఇక అసిస్టెన్స్. ఆ మాటకు గ్యారంటీ అని అర్థం లేదు. మీ అమ్మాయి రెజ్యూమె నాలుగు కంపెనీలకు మెయిల్ చేసినా అసిస్టెన్స్ ఇచ్చినట్టే. నా దగ్గరికి వచ్చినవాళ్లు చూపించిన ఒప్పందాల్లో షరతులు ఇలా ఉన్నాయి: హాజరు 80 శాతం తగ్గకూడదు, ప్రతి మాక్ టెస్టూ పాసవ్వాలి, ఏ ఊళ్లో ఇచ్చినా వెళ్లాలి, ఒక్క ఆఫర్ కాదంటే ఇక వాళ్ల బాధ్యత లేదు. అమీర్‌పేటలో మంచి చెప్పే సార్లు లేరని నేననను. మైత్రీవనం చుట్టుపక్కల ఇప్పటికీ కొన్ని వేలకే జావా, పైథాన్ శ్రద్ధగా చెప్పేవాళ్లున్నారు. మనం లక్షా ఎనభై వేలు పోసేది ఆ చదువుకు కాదు, ఉద్యోగం వస్తుందన్న ధైర్యానికి. అది వాళ్ల చేతిలో లేదు.

బ్యాక్‌డోర్ గురించి పొడుగ్గా రాయను. ఆ రెండున్నర లక్షల్లోంచే నెలకు 15 వేలు జీతమని ఇస్తారు. ఏడెనిమిది నెలలయ్యాక ప్రాజెక్టు అయిపోయిందంటారు. డబ్బు అయిపోయినా పిల్లవాడి చేతిలో నకిలీ అనుభవం కాగితం మిగిలిపోతుంది. తర్వాత ఏ పెద్ద కంపెనీ అయినా యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్) నంబరు తీసుకుని పీఎఫ్ చరిత్ర చూస్తుంది. అక్కడ తేడా వస్తే ఉద్యోగం పోతుంది, ఒక్కోసారి చేరిన ఆరు నెలలకు పోతుంది. మీ వీధిలో ఆయన కొడుకు కంపెనీ ఎలాంటిదో తెలుసుకోవడానికి డిటెక్టివ్ పని అక్కర్లేదు. ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొట్టి వెతికితే ఏ నెల ఎంతమందికి పీఎఫ్ కట్టిందో కనబడుతుంది. 200 మంది ఉద్యోగులని చెప్పుకునే కంపెనీ అక్కడ ఆరుగురికి కడుతుంటే మీకే అర్థమవుతుంది.

ఎంఎస్ మాట ఇప్పుడు వద్దు. 40 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు 55 వేలు కట్టాలి, చదువుకునే కాలంలో పెరిగే వడ్డీ కాకుండానే. అక్కడ ఉద్యోగం రాకుండా తిరిగొస్తే ఇక్కడ ఫ్రెషర్ జీతంతో అది తీరదు. రెండేళ్లు ఉద్యోగం చేశాక ఆమెకే వెళ్లాలనిపిస్తే అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం. మీ బావమరిదికి నా మాటగా చెప్పండి.

ఇప్పుడు అసలు పని. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉండిపోయిన ఆ ఒక్క సబ్జెక్టును అలా దాటేశారు. నా లెక్కలో మొత్తం ఉత్తరంలో అన్నిటికంటే ఖరీదైన సంగతి అదే. క్యాంపస్‌కు వచ్చే పెద్ద ఐటీ కంపెనీలు చాలావరకు టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింటిలో 60 శాతం, యాక్టివ్ బ్యాక్‌లాగ్ (ఇంకా పాసవ్వని సబ్జెక్టు) ఉండకూడదు అంటాయి. ఫోర్త్ ఇయర్ మొదటి సెమిస్టర్‌లో, అంటే జులై, ఆగస్టుల్లో ఆ వడపోత మొదలవుతుంది. ఒక్క సబ్జెక్టు ఉండిపోతే పేరు లిస్టులోనే ఉండదు. అప్పుడు లక్షా ఎనభై వేల కోర్సు చేసినా ఆ గేటు దాటలేదు. సప్లీ ఫీజు కొన్ని వందలు. సీనియర్ ఎవరైనా ఒక నెల కూర్చోబెట్టి చెబితే ఇంకో రెండు మూడు వేలు. ఇంత రాబడి ఇచ్చే మదుపు నాకైతే ఇంకోటి తెలీదు. 64 శాతం కూడా గట్టు మీద ఉన్నట్టే. ఇంకా జారితే 60 కిందికి పోవచ్చు, చూసుకోమనండి.

రెండోది, మీ ఉత్తరంలో అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. ఈసీఈ చదివితే దారులు కనీసం మూడున్నాయి. ఏ బ్రాంచి అయినా తీసుకునే ఐటీ సర్వీసు ఉద్యోగాలు ఒకటి. టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటివి ఫ్రెషర్‌కు ఇచ్చే మామూలు ప్యాకేజీ మూడున్నర లక్షల అటూ ఇటూ, పదేళ్లుగా పెద్దగా కదల్లేదు. చేతికొచ్చేది నెలకు 24, 25 వేలు. చిప్ డిజైన్ రెండోది. క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ లాంటి కంపెనీలకు హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులున్నాయి. ఇందులో జీతాలు మెరుగ్గా ఉంటాయి, కానీ వెరిలాగ్ (చిప్ డిజైన్‌కు వాడే భాష), డిజిటల్ ఎలక్ట్రానిక్స్ నిజంగా రావాలి. మూడోది గేట్, అంటే ఎంటెక్ ప్రవేశానికి రాసే జాతీయ పరీక్ష. మంచి స్కోరు వస్తే కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు దాని మీదే తీసుకుంటాయి, ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. ఈ మూడింటికీ ప్రిపరేషన్ వేరు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అమ్మే ఫుల్ స్టాక్ మొదటి దారికి మాత్రమే అక్కరకొస్తుంది. దారి తేల్చుకోకముందే ఫీజు కట్టడమంటే, ఏ ట్రాక్టరో అడక్కుండా స్పేర్ పార్టు ఇచ్చేయడం లాంటిది. మీ షాపులో మీరలా చేయరు కదా.

కిందటేడు నా దగ్గరికి ఒకబ్బాయి ఫైల్ తెచ్చాడు. పద్నాలుగు సర్టిఫికెట్లు, ప్లాస్టిక్ కవర్లలో నీట్‌గా పెట్టి. ఒకటి తీసి "ఇందులో నువ్వేం చేశావు నాన్నా?" అంటే వీడియోలు చూశానన్నాడు. (నవ్వలేకపోయాను. నేనూ ఒకప్పుడు ఆర్నెల్ల కంప్యూటర్ డిప్లొమాకు మా నాన్న చేత అప్పు చేయించినవాణ్నే. ఆ సర్టిఫికెట్ నన్ను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.)

అదే నెలలో సూర్యాపేట వైపు నుంచి ఒకమ్మాయి తన తండ్రితో వచ్చింది. ఆమెదీ ఈసీఈయే. వాళ్ల బోరు మోటారుకు ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేసే స్టార్టరు తానే చేసుకుంది. ఒక జీఎస్ఎం మాడ్యూల్, రిలే, చిన్న బోర్డు, అంతా కలిపి పదిహేను వందల లోపు. మొదట జియో సిమ్ వేస్తే రెండ్రోజులు పని చేయలేదట. వైర్లన్నీ పీకి మళ్లీ కలిపింది. చివరికి తేలిందేమిటంటే ఆ మాడ్యూల్ 2జీలోనే పని చేస్తుంది, జియోకు 2జీ లేదు. ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే పలికింది. ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు ఆ సిమ్ గొడవ గురించే అడిగారని నవ్వుతూ చెప్పింది. ఉద్యోగం వచ్చింది. మీ షాపులోనే ఇలాంటి సమస్యలు పది ఉంటాయి. స్టాక్‌లో ఏ పార్టు ఎన్ని ఉన్నాయో ఫోన్‌లో చూపించే చిన్న ప్రోగ్రాం రాయమనండి, వేసవి సెలవులకు సరిపోతుంది.

చదువుకు ఖర్చు పెట్టకూడదని కాదు. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల కోర్సులు ఉచితం, పరీక్ష రాయాలంటేనే ఫీజు, అదీ వెయ్యి రూపాయల అటూ ఇటూ. పరీక్ష సెంటర్‌కు వెళ్లి రాయాలి కాబట్టి ఆ సర్టిఫికెట్‌కు కాస్త విలువుంది. కాలేజీ టాస్క్‌లో (తెలంగాణ ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ) నమోదై ఉందేమో అడగండి, ఉంటే రాష్ట్ర ప్రభుత్వ శిక్షణ తక్కువ ఖర్చులో దొరుకుతుంది. దారి తేలాక ఆ దారికి కావాల్సిన ఒక్క మంచి కోచింగ్ తీసుకోనివ్వండి. మొత్తానికి 30 వేలు దాటనివ్వకండి.

లాప్‌టాప్ పాతదైతే మార్చండి. 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నది 52 వేలలో చూడండి. అంతకుమించి వద్దు.

కోచింగ్, లాప్‌టాప్ తర్వాత మూడో ఖర్చును చాలామంది తల్లిదండ్రులు మర్చిపోతారు. క్యాంపస్‌లో రాకపోతే? అందరికీ రాదు. డిగ్రీ చేతికొచ్చిన మే నెల నుంచి ఉద్యోగం దొరికేదాకా పిల్లలు హైదరాబాద్‌లో ఉండాలంటే నెలనెలా ఖర్చుంటుంది. ఆ డబ్బు లేకనే మూడో నెలకల్లా టెన్షన్‌తో ఏది దొరికితే అది పట్టుకుంటారు, లేదా బ్యాక్‌డోర్ వాళ్ల చేతికి చిక్కుతారు. హాస్టల్, బస్ పాస్, ఫోను కలిపి నెలకు 12 వేలు అనుకుంటే తొమ్మిది నెలలకు 1,08,000. ఇది పక్కన పెట్టండి. ఇది ఉందని అమ్మాయికి ముందే చెప్పండి. ఆ తొమ్మిది నెలల్లో ఏడాది అప్రెంటిస్‌షిప్ దొరికినా వదులుకోవద్దనండి. ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్లను నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ ద్వారా తీసుకుంటాయి. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్‌కు కనీస స్టైపెండ్ నెలకు 9 వేలుగా పెట్టారు, అందులో సగం కేంద్రం ఇస్తుంది. జీతం చిన్నదే. కానీ అక్కడ నేర్చుకున్న పని నిజమైనది, కాగితం కూడా నిజమైనదే.

ఇవన్నీ కలిపితే 1,90,000. మిగిలిన 1,30,000 చీటీకి దన్ను. షాపు చప్పబడినా ఆరేడు వాయిదాలు దానితో గట్టెక్కుతాయి. లాప్‌టాప్ డబ్బు సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి. మిగతాది మీ బ్యాంకులో ఏడాది ఎఫ్‌డీలుగా నాలుగైదు ముక్కలు చేసి వేయండి, ఒకటి కావాలంటే ఆ ఒక్కటే విరగ్గొట్టుకోవచ్చు. పోస్టాఫీసులో వద్దు, టైమ్ డిపాజిట్ ఆరు నెలల దాకా తీయనివ్వరు. మ్యూచువల్ ఫండ్లు, షేర్లు ఈ డబ్బుకు పనికిరావు. ఏడాదిన్నరలో వాడాల్సిన డబ్బు ఇది.

మీరు కట్టిన 5 వేలు వెనక్కి ఇవ్వమని వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో అడగండి, రసీదు జతచేసి. పది రోజుల్లో ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. 5 వేలు పోయాయని చెప్పి మిగతా 1,75,000 కట్టకండి. వాళ్లు మళ్లీ ఫోన్ చేసి "ఈ ఆదివారంతో ఆఫర్ అయిపోతుందండీ" అంటారు. అయిపోనివ్వండి.