ఆటిజం ఉన్న 6 ఏళ్ళ బాబుతో కెనడా పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) వెళ్తే మెడికల్‌లో ఆపేస్తారా? రిపోర్టులు దాచమంటున్నారు, దాచాలా?

దాచొద్దండి. మాకూ అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ అతను ఇదే చెప్పాడు, "బాబు చూట్టానికి బానే ఉన్నాడుగా సార్, థెరపీ సంగతి ఎత్తకండి" అని, ఫీజు తీసుకుని మరీ ఇచ్చిన సలహా ఇది. దొరికితే 5 ఏళ్ళ బ్యాన్ అని మాత్రం చెప్పలేదు మహానుభావుడు.

2022లో హైదరాబాద్‌లో మెడికల్స్‌కి వెళ్ళాం, మావాడికీ అప్పుడు ఆరేళ్ళే. 5 దాటితే యూరిన్ టెస్ట్ ఉంటుంది, వీడేమో కొత్త బాత్రూంలోకి అడుగు పెట్టడు, రెండు ఫ్రూటీలు తాగించి గంటన్నర ఆ కప్పు పట్టుకుని వాడి వెనకే తిరిగా. తర్వాత డాక్టర్ గారు వాణ్ణి పేరు పెట్టి పిలిచారు, తిరగలేదు, మళ్ళీ పిలిచారు, వీడు బరువు తూచే మిషన్ మీద ఎక్కుతూ దిగుతూ అంకెలే చూస్తున్నాడు. మూడోసారి మా ఆవిడ వెనకనించి వేలితో మెల్లిగా వీపు మీద పొడిచింది, అప్పుడు తిరిగాడు. ఆయన ఆ వేలు చూశాడు. "అమ్మా, పొడవక్కర్లేదు, ఫైల్ ఉంటే ఇవ్వండి" అన్నారంతే. ఇంటికొచ్చేదాకా మా ఆవిడ మాట్లాడలేదు.

ఇంతకీ కెనడా వాళ్ళు ముఖ్యంగా చూసేది, పిల్లాడి వైద్యానికి అక్కడి ప్రభుత్వానికి ఎంత ఖర్చవుతుందని. 2018 జూన్‌లో రూల్ మార్చారు, ఆ ఖర్చు పరిమితి మూడింతలు చేశారు, స్పెషల్ ఎడ్యుకేషన్‌లాంటివి లెక్కలోంచి తీసేశారు. 2025లో ఆ పరిమితి ఏడాదికి 27,162 కెనడా డాలర్లు. స్పీచ్ థెరపీ పిల్లాడికి అంత ఎక్కడవుతుందండీ? ఖరీదైన మందులు వాడేవాళ్ళు ఆలోచించాలి గానీ. ఒకవేళ డౌటొస్తే డైరెక్ట్‌గా రిజెక్ట్ చెయ్యరు, ముందు లెటర్ పంపి జవాబివ్వడానికి 90 రోజులు టైమిస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవన్నీ 2018కి ముందు కథలే, నన్నడిగితే ఆ గ్రూపుల్లోంచి ఇవాళే బయటికొచ్చేయండి.

మా అత్తగారైతే "పిల్లాణ్ణి మా దగ్గర వదిలి వెళ్ళండి, వాడికి మెడికల్ గొడవుండదు" అన్నారు. వదిలేసినా మెడికల్ తప్పదు, మనతో రాని పిల్లలకీ చేయించాల్సిందే. అయినా ఆ మాట నాకింకా మింగుడుపడలేదు లెండి.

మాకు ఏ లెటరూ రాలేదు. థెరపిస్ట్ రిపోర్టులు, డెవలప్‌మెంటల్ డాక్టర్ కాగితం, స్కూల్ లెటర్ అన్నీ స్కాన్ చేసి రెడీగా పెట్టుకున్నా, ఆ డాక్టర్ గారు తప్ప ఎవరూ అడగలేదు. మీరూ పెట్టుకోండి. ఫ్రూటీలు మాత్రం మూడు తీసుకెళ్ళండి, రెండు సరిపోవు.