చెల్లికి ఫిట్స్ వస్తే ఎదురింటి మామ్మ మీద అనుమానమా?

ప్రశ్న: మాది గుంటూరు. చెల్లికి 22 ఏళ్లు. మూడు నెలలుగా ఉన్నట్టుండి బిగుసుకుపోయి పడిపోతోంది. స్కాన్ తీస్తే అంతా నార్మల్ అన్నారు. ఎదురింట్లో ఒంటరిగా ఉండే మామ్మ చేతబడి చేసిందని, ఆమెను నిలదీస్తామని బంధువులు అంటున్నారు. చదువుకున్నవాళ్లు కూడా ఎందుకిలా నమ్ముతారు?

జవాబు: ముందు ఆ మామ్మ జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి. మాట వినకపోతే 112కు ఫోన్ చేయండి. చేతబడి వల్ల ఫిట్స్ రావు.

స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేదని కాదు. మూర్ఛ వ్యాధి ఉన్న చాలామందికి స్కాన్ మామూలుగానే ఉంటుంది. తీవ్రమైన మానసిక ఒత్తిడి వల్ల కూడా అచ్చం ఫిట్స్‌లాగే రావచ్చు, అది నటన కాదు. ఈ రెండింటికీ వైద్యం వేరు. ఈసారి వస్తే ఫోన్‌లో వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి. ఫిట్స్ వచ్చినప్పుడు చెల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచాలు వద్దు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక నమ్మకం సంగతి. ఆఫ్రికాలో ఆజాండే అనే తెగవారి మధ్య 1920లలో ఉన్న ఓ పరిశోధకుడు రాసిన విషయం నాకు తరచూ గుర్తొస్తుంది. ధాన్యపు గాదె కూలి, దాని నీడన కూర్చున్నవాళ్లకు దెబ్బలు తగులుతాయి. గుంజలను చెదలు తిన్నాయని అక్కడ అందరికీ తెలుసు. కానీ వీళ్లు కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది? దానికి వాళ్ల జవాబు, ఎవరో చేతబడి చేశారని. మీ అమ్మగారి మనసులోనూ అదే ప్రశ్న ఉంటుంది: ఇంతమందిలో నా బిడ్డకే ఎందుకు? మా డాక్టర్లమేమో 'అంతా నార్మల్' అని చీటీ చేతిలో పెట్టి పంపేస్తాం. భూతవైద్యుడు కారణం చెబుతాడు, ఒక పేరు కూడా చెబుతాడు. ఇందులో మా వైద్యుల తప్పు కూడా ఉంది.

అమెరికాలోని సేలంలో 1692లో ఇలాగే మొదలైంది. ఆడపిల్లలు వంకర్లు తిరిగిపోతుంటే, జబ్బేదో తేల్చలేక ఒక వైద్యుడు దుష్టశక్తి పని అన్నాడు. మొదట నింద పడిన ముగ్గురిలో ఒకరు బానిస, ఒకరు అడుక్కుతినే ఆమె, మరొకరు మంచం పట్టిన మనిషి. చివరికి 19 మందిని ఉరితీశారు. నింద చాలావరకు ముందు ఎదురు తిరగలేనివాళ్ల మీదే పడుతుంది. మీ వీధిలోనూ వేలు చూపిస్తున్నది ఒంటరిగా ఉండే మామ్మ వైపే కదా!

చెల్లిని గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్లండి. టెన్షన్ ఎక్కువగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. డాక్టరు దగ్గరకు అమ్మగారినీ తీసుకెళ్లండి. ఆమె అడగాలనుకున్నదంతా అడగనివ్వండి.