జీతం పెంచకపోవడం వేరు, చెప్పకుండా కోయడం వేరు

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో నాలుగేళ్లుగా చేస్తున్నాను. మొదట్నుంచీ నెలకు 16 వేలే. పోయిన నెల ఆర్డర్లు లేవని, ముందు ఒక్క మాట చెప్పకుండా 1,500 కోసేశారు. ఏడాదికోసారి జీతం పెంచాలని చట్టం లేదా సార్?

జవాబు: లేదండీ. అపాయింట్‌మెంట్ కాగితంలోనో, యూనియన్ ఒప్పందంలోనో ఇంక్రిమెంట్ మాట ఉంటే తప్ప ప్రైవేటు ఓనర్ ఏటా పెంచి తీరాలని ఎక్కడా లేదు. మన వైపు చాలా చోట్ల జీతం పెరిగేది, పని తెలిసిన మనిషి పక్క యూనిట్‌కి పోతానన్నప్పుడే.

ప్రభుత్వం పెంచేది మాత్రం కనీస వేతనం. దాని మూల రేటును మామూలుగా ఐదేళ్లు దాటకుండా సవరించాలి, పైన కలిసే డీఏ (కరువు భత్యం) మన రాష్ట్రంలో ధరల సూచీని బట్టి ఏప్రిల్, అక్టోబర్‌లలో మారుతుంది. డీఏ పెరిగింది కాబట్టి నా 16 వేలకీ కలపాలి అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. మీ పనికి ఇప్పుడున్న రేటు కన్నా మీ జీతం తక్కువైతేనే ఆ తేడా అడగొచ్చు. ఒంగోలు కార్మిక శాఖ ఆఫీసులో ఆ రేటు ఎంతో కనుక్కోండి, నాలుగేళ్లు కదలని జీతం కాబట్టి చూసుకోవడం మంచిది.

ఇక కోత సంగతి. ఇక్కడ మీ పక్షం గట్టిది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, వేతనాల కోడ్‌లో దేనికి జీతం పట్టుకోవచ్చో రాసి ఉంది: పనికి రాని రోజులు, జరిమానా, మీవల్ల జరిగిన నష్టం, అడ్వాన్స్, పీఎఫ్, ఈఎస్ఐ లాంటివి. ఆర్డర్లు లేకపోవడం అందులో లేదు. అసలు జీతమే తగ్గించాలనుకుంటే పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముందు మర్యాదగా రాతపూర్వకంగా అడగండి, కదలకపోతే కార్మిక శాఖలో క్లెయిమ్ వేయండి. మూడేళ్ల దాకా గడువుంది, అధికారి తలుచుకుంటే కోసినదానికి పది రెట్ల వరకు పరిహారం కూడా వేయించగలరు. జీతం చీటీ ఇవ్వడం ఓనర్ బాధ్యతే, అది లేకుంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి.

అన్నట్టు, పండక్కో పెళ్లికో అడ్వాన్స్ ఏమైనా తీసుకున్నారా? తీసుకుని ఉంటే ఆ 1,500 దాని కింద పట్టుకున్నామని రేపు ఓనర్ అంటాడు, ఎంత తీసుకున్నారో ఎంత కట్టారో ఇప్పుడే లెక్క రాసుకోండి.