డీఎస్సీకి చదివే బిడ్డకు, ఇంగ్లిష్ వాక్యాల గురించి

బిడ్డా, పెద్దనాయన ఆశీస్సులు.

సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ బిట్ల దగ్గర మార్కులు పోతున్నయని మీ బాపు ఫోన్ చేసి చెప్పిండు. నువ్వు పంపిన మోడల్ పేపర్ కూడా చూసిన. తప్పులన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. వాక్యంలో 'అండ్' కనబడితే కాంపౌండ్, పొడుగ్గ ఉంటే కాంప్లెక్స్ అని టిక్కు పెట్టినవ్. కోచింగులో ఇచ్చిన కంజంక్షన్ల పట్టికను కొన్నాళ్లు పక్కకు పెట్టు. ముందుగాల క్రియలు వెతుకుడు నేర్చుకో.

బడిలో తెలుగు వ్యాకరణం బాగా చదివినదానివి కాబట్టే నీకు ఒక చిక్కు వస్తున్నది. "ఆమె బస్సు దిగి లైబ్రరీకి పోయింది" అంటే మన దగ్గర సంక్లిష్ట వాక్యం. 'దిగి' అసమాపక క్రియ, 'పోయింది' సమాపక క్రియ. దాన్నే ఇంగ్లిష్‌లో "గెటింగ్ ఆఫ్ ది బస్, షి వెంట్ టు ది లైబ్రరీ" అని రాస్తే అది సింపుల్ సెంటెన్స్ అయితది. వాళ్ల లెక్కలో 'గెటింగ్' అనేది పూర్తి క్రియ కాదు. దానికి సొంతంగా కర్త లేదు, కాలం లేదు. 'వెంట్' ఒక్కటే ఫైనైట్ వర్బ్, అంటే కర్త, కాలం ఉన్న పూర్తి క్రియ. కాంప్లెక్స్ కావాలంటే "ఆఫ్టర్ షి గాట్ ఆఫ్ ది బస్, షి వెంట్ టు ది లైబ్రరీ" అని రాయాలె. అప్పుడు 'షి గాట్' ఒకటి, 'షి వెంట్' ఒకటి, రెండు క్లాజులు. క్లాజ్ అంటే సొంత కర్త, ఫైనైట్ క్రియ ఉన్న వాక్యం ముక్క. పరీక్షలో మన సంక్లిష్ట వాక్యాన్ని వాళ్ల కాంప్లెక్స్ మీద పెట్టి చూడకు. నువ్వు పోగొట్టుకున్న మార్కుల్లో సగం అక్కడనే పోయినయి.

ఇంగ్, టు, థర్డ్ ఫామ్ ఇవి ఒంటరిగా ఉంటే లెక్క పెట్టకు. ఈ వాక్యం చూడు: "స్టార్టింగ్ ఫ్రమ్ నాగార్జునసాగర్, ది లెఫ్ట్ కెనాల్ క్యారీస్ కృష్ణా వాటర్ టు ది ఫీల్డ్స్ ఆఫ్ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ అండ్ కోదాడ." చూస్తే రెండు వరుసలుంది, అందులో 'అండ్' కూడా ఉంది. అయినా క్రియ 'క్యారీస్' ఒక్కటే కాబట్టి సింపుల్. ఆ 'అండ్' ఊర్ల పేర్లను కలుపుతున్నది గానీ క్లాజులను కాదు. అదే "ఐ నో హీ కేమ్" అనేది నాలుగు మాటలే అయినా కాంప్లెక్స్. 'నో' తర్వాత 'దట్' దాగి ఉంది. ఇట్లాంటి చిన్న వాక్యాలే పరీక్షలో పిల్లలను పడగొడతయి.

రెండు క్రియలు దొరికినయనుకో. అప్పుడు ఒక్కొక్క ముక్కను విడిగా చదువు. "వెన్ నెహ్రూ లెయిడ్ ది ఫౌండేషన్ స్టోన్ ఆఫ్ నాగార్జునసాగర్ ఇన్ 1955, నల్గొండ వాజ్ ఇన్ హైదరాబాద్ స్టేట్." రెండో ముక్క తన కాళ్ల మీద తాను నిలబడతది, అది మెయిన్ క్లాజ్. మొదటిది చదివితే 'అయితే ఏమైంది?' అని అడగబుద్ధి అయితది. అట్లా అడగాల్సి వస్తే అది సబార్డినేట్ క్లాజ్, వాక్యం కాంప్లెక్స్. రెండు ముక్కలూ విడివిడిగా నిలబడితే, నడుమ 'దట్' లాంటిది దాగి లేకుంటే, కాంపౌండ్. రెండు మెయిన్ క్లాజులు ఉండి, వాటికి తోడు ఒక సబార్డినేట్ కూడా ఉంటే కాంపౌండ్-కాంప్లెక్స్. దానికి వేరే సూత్రం అక్కర్లేదు.

'ఆఫ్టర్', 'బిఫోర్', 'సిన్స్' దగ్గర పైలం. "ఆఫ్టర్ ది రెయిన్" అంటే వెనక నామవాచకమే ఉంది, క్లాజ్ లేదు. "ఆఫ్టర్ ఇట్ రెయిన్డ్" అంటే క్లాజ్ ఉంది. మాట ఒకటే, పని రెండు తీర్లు. అందుకే పట్టికను నమ్ముకోవద్దంటున్న.

"షి వెంట్ టు నల్గొండ అండ్ బాట్ బుక్స్" లాంటి వాటి మీద పుస్తకాలకే పొత్తు కుదరదు. కొన్ని దాన్ని కాంపౌండ్ అంటయి, కొన్ని ఒకే కర్తకు రెండు క్రియలున్న సింపుల్ అంటయి. నువ్వు సొంతంగా ఉదాహరణ రాసేటప్పుడు "అండ్ షి బాట్" అని కర్తను మళ్లీ రాయి, తగాదా ఉండదు.

ఇక మార్చి రాసుడు. మూడింటినీ పక్కపక్కన పెట్టి సాధన చెయ్:

"ఇన్ స్పైట్ ఆఫ్ ది లేట్ రెయిన్, ది ఫార్మర్స్ సోడ్ కాటన్." ఇది సింపుల్.
"ది రెయిన్ కేమ్ లేట్, బట్ ది ఫార్మర్స్ సోడ్ కాటన్." ఇది కాంపౌండ్.
"దో ది రెయిన్ కేమ్ లేట్, ది ఫార్మర్స్ సోడ్ కాటన్." ఇది కాంప్లెక్స్.

మూడో వాక్యంలో 'బట్' లేదు, చూసినవా? మనం "వాన ఆలస్యమైనా గానీ పత్తి పెట్టిన్రు" అని మాట్లాడతం. ఆ అలవాటు మీద మనోళ్లు 'దో' పెట్టి మళ్లీ 'బట్' కూడా రాస్తరు. ఒకటి రాస్తే రెండోది రాయొద్దు. 'బికాజ్' పెట్టినంక 'సో' కూడా అంతే.

కామా సంగతి కూడా పట్టించుకో. తెలుగులో "వాన పడ్డది, చెరువు నిండింది" అంటే చక్కటి వాక్యం. ఇంగ్లిష్‌లో రెండు మెయిన్ క్లాజులను ఒట్టి కామాతోని అతికిస్తే తప్పు పడతరు. 'అండ్' గానీ 'సో' గానీ చేర్చాలె, లేకుంటే సెమీకోలన్ పెట్టాలె, లేదంటే ఫుల్‌స్టాప్ పెట్టి రెండో వాక్యం మొదలుపెట్టాలె. రేపు టీచర్‌వై పిల్లల నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు ఎక్కువగా నీ కంట పడేది ఇదే. అందుకే నీ చేతికి ఇప్పుడే అలవాటు కావాలె.

గ్రంథాలయంలో ఇంగ్లిష్ పేపర్ వస్తది గదా. రోజూ ఒక వార్తలో మొదటి పేరా నోట్‌బుక్కులో ఎత్తి రాసుకో. ఫైనైట్ క్రియల కింద గీత గియ్యి, క్లాజులకు బ్రాకెట్లు పెట్టు, ఆ తర్వాతనే వాక్యానికి పేరు రాయి. వార్తల్లో మొదటి వాక్యాలు తరచుగా పొడుగ్గ ఉంటయి కాబట్టి మంచి సాధన అయితది. మొదట్ల నిదానంగ సాగుతది, పరేషాన్ కాకు.

ఈ ఆదివారం లోపల పిల్లలమర్రి గురించి ఒక్క సంగతినే మూడు తీర్లుగ రాసి ఆ పేజీ ఫొటో వాట్సాప్‌ల పంపు. క్రియల కింద గీతలు మర్చిపోకు, నేను ముందుగాల చూసేది వాటినే.

మీ పెద్దనాయన