పాఠకుల ప్రశ్నలు: డెత్ కార్డు వస్తే చావొస్తుందా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది అనంతపురం పక్కన పల్లె. మా ఆయన కాలం చేసి రెండేండ్లయింది, ఆ మరుసటేడే మా పాప చదువుకని ఇంగ్లండుకి పోయింది. మొన్న సెప్టెంబర్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి ఏదో పేగన్ పంట పండగంట, దానికి పోయిందంట. పొలంలో మంటేసి, గోధుమ గడ్డితో బొమ్మ చేసి, రొట్టెలు పంచుకున్నారంట, అంతవరకు బాగానే ఉంది. అక్కడ ఒకామె టారో అని బొమ్మల కార్డులు చూసి జోస్యం చెప్తా ఉంటే ఈ పిల్ల కూడా కూర్చుంది, మూడు కార్డులు తీయమంటే నడిమధ్యలో డెత్ కార్డు వచ్చింది, తెల్ల గుర్రం మీద అస్థిపంజరం. ఆ రాత్రి ఫోన్ చేసి అమ్మా బీపీ మాత్ర వేసుకున్నావా అని మూడు సార్లు అడిగింది, నాలుగోసారి ఏడ్చేసి అప్పుడు చెప్పింది. దానికి నా గురించి భయం, నాకు దాని గురించి భయం, నిద్ర లేదక్కా. ఇక్కడ తెలిసినామె ఒకరు పరిహారం చేయించాలి, 11 వేలు అవుతుంది అంటోంది. చేయించనా? ఆ పండగ చావు పండగేనా?
ఒక తల్లి, అనంతపురం జిల్లా

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ 11 వేలు తీసి బీరువాలో పెట్టి తాళం వేయి. ఒక్క రూపాయి కూడా ఇవ్వద్దు. ఇది నేను గట్టిగా చెప్తున్నా.

రెండోది, లెక్క చూడు. టారో కట్టలో 78 కార్డులుంటాయి, అందులో డెత్ ఒకటి. ఒక మనిషి మూడు కార్డులు తీస్తే ఆ కార్డు రావడానికి 26లో ఒక వంతు అవకాశం ఉంటుంది, అంటే ఆ రోజు ఆ టేబుల్ దగ్గర 26 మంది కూర్చుని ఉంటే సగటున ఒకరికి అది రావాల్సిందే. మీ పాపకి వచ్చింది, అంతే. ఎవరి ఆయుష్షూ ఆ కార్డులో రాసి లేదు. ఈ కార్డులు పుట్టిందే 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, అది కూడా మన పేకాట లాగా ఆడుకోవడానికి, జోస్యానికి కాదు. 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబలాఁ అనే ఆయన ఇవి ఈజిప్టు పూజారుల రహస్య విద్య అని రాసినాడు, ఆ పాటికి ఈజిప్టు బొమ్మల లిపి చదవగలిగిన మనిషి ప్రపంచంలోనే లేడు, అది 1822లో షాంపోలియన్ అనే పండితుడు ఆ లిపి గుట్టు విప్పిన తర్వాతి మాట. జోస్యం గొడవంతా అక్కడ్నుంచి పెరిగిందే.

అయితే బొమ్మకి అర్థం లేదా అంటే ఉంది, అది తెలిస్తే నీ భయం పోతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తా. మీ పాపకి వచ్చిన బొమ్మ 1909లో లండన్‌లో అచ్చయిన కట్టలోది, ఆర్థర్ వెయిట్ అనే రచయిత చెప్తే పమేలా కోల్‌మన్ స్మిత్ అనే ఆమె గీసింది, ఇప్పుడు ఎక్కువగా కనపడేవి ఆ బొమ్మలూ వాటి కాపీలే. గుర్రం కింద రాజు పడి ఉంటాడు, కిరీటం ఊడిపోయి ఉంటుంది. బంగారు రంగు బట్టల్లో క్రైస్తవ మతగురువు చేతులెత్తి నిలబడి ఉంటాడు. ఒక అమ్మాయి చూడలేక మొహం పక్కకి తిప్పుకుంటుంది, పక్కన చిన్న బిడ్డ మాత్రం తలెత్తి సూటిగా చూస్తా ఉంటుంది. అందరూ అస్థిపంజరం చూసి అక్కడే ఆగిపోతారు. ఆ చేతిలో జెండా చూడలేదు కదా? నల్ల జెండా మీద తెల్ల గులాబీ, అయిదు రేకులది. ఇంకా వెనక్కి చూస్తే నది పారుతా ఉంటుంది, దూరంగా రెండు బురుజుల మధ్యలో సూర్యుడు. ఫోన్‌లో ఆ బొమ్మ తెప్పించుకుని ఇద్దరూ ఒకసారి చూడండి, మూలమూలలా చూడండి.

దీనికంటే పాతది మార్సెయ్ కట్ట, ఫ్రాన్సుది. నాకు అదే ఎక్కువ ఇష్టం. అందులో గుర్రం లేదు, అస్థిపంజరం చేతిలో పొడుగు పిడి కొడవలి ఉంటుంది, అక్కడి రైతులు గడ్డి, పైరు కోసేది దాంతోనే. నల్లటి నేల మీద తలకాయలు, చేతులు, పాదాలు పడి ఉంటాయి, వాటి మధ్యలోనే మొక్కలు మొలుస్తా ఉంటాయి. అంటే అది చావు బొమ్మే, అదే సమయంలో కోత బొమ్మ కూడా. ఇంకో సంగతి, ఆ పాత కట్టల్లో చాలావాటికి ఈ 13వ కార్డుకి పేరే రాయలేదు. ఆ వరుసలో మిగతా బొమ్మ కార్డులకి కింద పేరు ఉంటుంది, దీనికి మాత్రం నంబరే. చావు అనే మాట అచ్చేయడానికి వాళ్లకి నోరు రాలేదేమో అనిపిస్తుంది నాకు. మనం మాత్రం? దీపం ఆరిపోయిందని ఎవరన్నా అంటారా, కొండెక్కింది అంటాం. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అని మొదలు పెడతాం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు పిల్లోడు పోతా అంటే మా అవ్వ గడపలోనే ఆపేసేది, పోతా కాదురా పోయొస్తా అను అని, అనేదాకా కాలు బయట పెట్టనిచ్చేది కాదు. పోవడం, రావడం, రెండూ ఒకే మాటలో. ఆ కార్డుకి తెలుగులో పేరు పెట్టమంటే నేను పోయొస్తా అనే పెడతా.

ఇక పండగ. అది చావు పండగ కాదు. మీ పాప పోయింది సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలో పగలు రాత్రి సమానంగా ఉండే రోజు చేసేది అయ్యుంటుంది, దాన్ని ఇప్పటి పేగన్లు, అంటే క్రైస్తవానికి ముందటి ప్రకృతి పూజలని మళ్లీ చేసుకునేవాళ్లు, మేబన్ అంటారు. పేరు 1970లలో అమెరికాలో పెట్టింది, వేల ఏండ్ల నాటిది కాదు. వాళ్ల ఏడాది చక్రంలో 8 పండగలుంటాయి, అందులో కోతకి సంబంధించినవి మూడు: ఆగస్టు 1న లూనసా, తర్వాత ఇది, అక్టోబర్ 31న సౌన్. లూనసా, సౌన్ ఐర్లండులో నిజంగా పాతవే, కానీ ఎనిమిదింటినీ ఒక చక్రంగా కూర్చింది మాత్రం 1950లలో ఇంగ్లండులో. అక్కడ మంత్రగత్తెల మీద ఉన్న పాత చట్టం 1951లో రద్దయినాక ఈ కొత్త పేగన్ మతాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన జెరాల్డ్ గార్డనర్ లాంటివాళ్లు బయటికి వచ్చి మాట్లాడటం మొదలు పెట్టినారు.

ఆ గడ్డి బొమ్మ మాత్రం పేగన్ల సొంతం కాదు, ఇంగ్లండు పల్లెల్లో రైతులది. దాన్ని కార్న్ డాలీ అంటారు, అక్కడ కార్న్ అంటే మొక్కజొన్న కాదు, గోధుమ, బార్లీ లాంటి ధాన్యం. చేను కోస్తా పోతే పైరులోని ప్రాణం వెనక్కి జరుగుతా జరుగుతా చివరి పనలో దాక్కుంటుందని నమ్మకం. అందుకే ఆ చివరి పనని బొమ్మగా అల్లి చలికాలమంతా ఇంట్లో పెట్టుకుని, మళ్లీ దుక్కి దున్నేటప్పుడు మొదటి సాల్లో కలిపేసేవాళ్లు. పంట ఇంటికి వచ్చినా ప్రాణం మళ్లీ నేలకి పోవాల కదా.

నువ్వు శెనక్కాయ చేలో పని చేసినదానివి, నీకు ఇది నేను చెప్పాల్నా? పసుపు పువ్వు పూస్తుంది, వాడిపోతుంది. వాడినాక దాని కింద నుంచి ఊడ బయల్దేరి కిందికి వంగి, నేలలోకి దిగి, చీకట్లో కాయ అవుతుంది. ఊడలు దిగే టైంలో ఒక్క వాన పడితే చాలు స్వామీ అని మనం ఆకాశం వైపు చూస్తా కూర్చునేది అందుకే. కాయ కావాలంటే మట్టిలోకి పోవాల్సిందే. తర్వాత కట్టె పీకి, కాయలు కోసి, మంచివి విత్తనానికి వేరే మూటలో కట్టి, పిల్లలు చెయ్యి పెడితే కొట్టేవాళ్లు మా ఇంట్లో, ఇంట్లో నూనెకి కాయ లేకపోయినా ఆ మూట విప్పేవాళ్లు కాదు. ఇంగ్లండు వాళ్ల గడ్డి బొమ్మా మన విత్తనం మూటా నాకు ఒకటేగా కనపడతాయి.

ఇంకొకటి కూడా చూడు, 2025లో మహాలయ అమావాస్య సెప్టెంబర్ 21న పడింది, వాళ్ల పగలు రాత్రి సమానమయ్యే రోజు 22న. ప్రతి ఏడూ ఇంత దగ్గరగా పడవు గానీ ఆ చుట్టుపక్కలే వస్తాయి. మనం పెద్దలకి పెట్టుకునే రోజుల్లోనే మీ పాప అక్కడ ఇంటికి దూరంగా ఆ మంట దగ్గర కూర్చుంది. ఆ పిల్లకి ఆ కార్డులో కనపడింది నువ్వు కాదమ్మా, వాళ్ల నాయన. ఆయన పోయిన ఏడాదికే ఊరు వదిలి పోయింది, ఏడ్చేదానికి టైం దొరికిందో లేదో, నువ్వు బాధపడతావని నీ దగ్గర ఏడ్చిందో లేదో. నువ్వూ దాని ముందర ఏడ్చి ఉండవు. ఈ ఆదివారం ఫోన్‌లో మాత్రల సంగతి పక్కన పెట్టి, వాళ్ల నాయన గురించి మాట్లాడండి, ఆయనకి ఇష్టమైనవి, ఆయన కోపాలు, అన్నీ. ఇద్దరూ ఏడిస్తే ఏడవండి. నీ బీపీ మాత్రం నిజంగా చూపించుకో, అది కార్డుల వల్ల కాదు.

ప్రశ్న: అక్కా, మేము క్రైస్తవులం. మా చర్చిలో ప్రతి ఏడూ కోత పండుగ చేస్తాం, వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి కానుకలిస్తాం, తర్వాత వేలం వేస్తాం. మా తమ్ముడు నెట్‌లో ఏదో చూసి ఇది పేగన్ పండగ, చేయకూడదు అని ఇంట్లో గొడవ పెడుతున్నాడు.
ఒక సోదరి, కర్నూలు

జవాబు: అమ్మా, మీ తమ్ముడికి ఒక పేరు చెప్పండి, రాబర్ట్ హాకర్. ఇంగ్లండులో కార్న్‌వాల్‌లో చర్చి పాస్టరు, 1843లో పంట కోసినాక చర్చిలో కృతజ్ఞత ఆరాధన పెట్టినాడు, ఇప్పటి కోత పండుగ అక్కడ్నుంచి పాకిందే, మిషనరీలతో మన దగ్గరికి వచ్చింది. ఆగస్టు 1కి ఇప్పటి పేగన్లు వాడుకునే లామస్ అనే పేరు కూడా అసలు చర్చిదే, పాత ఇంగ్లీషులో రొట్టె ఆరాధన అని అర్థం, కొత్త గోధుమలతో చేసిన మొదటి రొట్టె చర్చికి తెచ్చేవాళ్లు. పేగన్ అనే మాటకి లాటిన్‌లో మొదటి అర్థం పల్లెటూరివాడు అని. గోధుమ గింజ నేలలో పడి చస్తేనే విస్తారంగా ఫలిస్తుందని యేసు చెప్పిన మాట యోహాను సువార్త 12వ అధ్యాయంలో ఉంది కదా, మీ తమ్ముడిని ఆ అధ్యాయం తీసి చదవమనండి. పంట చేతికొచ్చినోడికి ఎవరికైనా దండం పెట్టాలనిపిస్తుంది. మీ గుమ్మడికాయలు మీరు తీసుకుపోండి, ఏ తప్పూ లేదు.

ప్రశ్న: అక్కా, నేను కడపలో డిగ్రీ చదువుతున్నా. టారో కట్ట కొనుక్కోవాలని ఉంది, కానీ మొదటి కట్ట మనం కొనకూడదు, ఎవరైనా గిఫ్ట్ ఇవ్వాలి అంటారు, నిజమేనా? ఫ్రెండ్స్‌కి చూస్తే డెత్ కార్డు వస్తే ఏం చెప్పాలి? కట్టలోంచి తీసేయనా?
ఒక తమ్ముడు, కడప

జవాబు: గిఫ్ట్ సంగతి ఒట్టి మాట, డబ్బులుంటే కొనుక్కో. కార్డు తీసేయొద్దు, 77 కార్డులతో కట్ట అబద్ధం అయిపోతుంది. ఎవరి దగ్గరా పైసా తీసుకోవద్దు, జబ్బు, ఆయుష్షు, పెళ్లి కుదురుతుందా లేదా ఇట్లాంటివి అడిగితే నాకు తెలీదు అని చెప్పు. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయినవాళ్లకి అసలు కార్డులు తీయొద్దు, పైన ఆ తల్లి రాసింది చదివినావు కదా. మిగతావాళ్లకి డెత్ వస్తే మొహం మార్చొద్దు, కార్డు వాళ్ల వైపు తిప్పి, ముందు సూర్యుడిని చూపించి, ఈ ఏడాది నీకు ఏం అయిపోయింది అని అడుగు. సప్లీ అంటారు, బ్రేకప్ అంటారు, నాయన అప్పుల వల్ల పొలం అమ్మినాడంటారు. నువ్వు జోస్యం చెప్పకుండా విను, ఎంతసేపైనా విను. లేచేటప్పుడు సరే పోతా అంటే మాత్రం ఊరుకోవద్దు తమ్ముడూ, పోయొస్తా అనమను.