బడిలో పిల్లల ఆరోగ్యం చూసే ఉద్యోగానికి ఏ చదువు?

ప్రశ్న: మా అమ్మాయి స్కూలు చదువు చివరి ఏడాదిలో ఉంది. మార్కులు బాగానే వస్తాయి, బయాలజీ అంటే ప్రాణం. రెండేళ్ల కిందట క్లాసులో తన పక్కన కూర్చున్న పిల్లకి ఫిట్స్ వచ్చాయి. అందరూ కంగారుపడ్డారు. ఒకరు కాళ్లు గట్టిగా పట్టుకుంటే, ఇంకొకరు నోట్లో స్పూను పెట్టబోయారట. స్కూల్ నర్సు వచ్చి అందరినీ పక్కకి పంపి, ఆ పిల్లని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, గడియారం చూస్తూ కూర్చుందట. అప్పటినుంచి మా అమ్మాయిది ఒకటే మాట, ప్రభుత్వ బడుల్లో పిల్లల ఆరోగ్యం చూసే ఉద్యోగం చేస్తానని. కౌన్సెలింగ్ మీదా ఆసక్తి ఉంది. వాళ్లమ్మేమో డాక్టరు కోర్సుకే ప్రయత్నించమంటోంది. బడి ఉద్యోగం చిన్నది, ఎదుగుదల ఉండదు అని బంధువులు భయపెడుతున్నారు. ఏం చదివించాలి? - ఒక తండ్రి

జవాబు: ముందుగా ఆ రోజు ఆ నర్సు ఏం చేసిందో చెబుతాను. మీ అమ్మాయి మనసుకి పట్టింది అదే కదా. ఫిట్స్ చాలావరకు కొద్ది నిమిషాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ కాసేపూ పిల్లకి దెబ్బ తగలకుండా చూడాలి, ఉమ్మి గొంతుకి అడ్డుపడకుండా పక్కకి తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే అంబులెన్సు పిలవాలి. ఆవిడ గడియారం చూసింది అందుకే. చుట్టూ అంతమంది అరుస్తుంటే నిమిషాలు లెక్కపెడుతూ కూర్చోవాలంటే చదువూ కావాలి, గుండె దిటవూ కావాలి. మీ అమ్మాయి దాన్ని గుర్తుపట్టింది. రెండేళ్లయినా మరిచిపోలేదు. దీన్ని చిన్నపిల్ల ముచ్చటగా కొట్టిపారేయకండి.

ఇక బడి ఉద్యోగం చిన్నదన్న మాట. దానికి ఒక పాత సంగతి చెప్పాలి. 1902 నాటికి న్యూయార్క్ ప్రభుత్వ బడుల్లో వైద్య తనిఖీలు జరుగుతుండేవి. డాక్టరు వచ్చి చూసేవాడు. ట్రకోమా అనే కంటి జబ్బో, తామరో, తలలో పేలో కనిపిస్తే ఆ పిల్లవాణ్ని ఇంటికి పంపేసేవాడు. అక్కడితో ఆయన పని అయిపోయేది. వైద్యం చేయించే స్తోమత లేని ఇళ్లలో పిల్లలు చాలా రోజులు బడి మానేసి ఉండేవారు. సాయంత్రమయ్యేసరికి అదే క్లాసు పిల్లలతో వీధిలో ఆడుకునేవారు. లిలియన్ వాల్డ్ నడిపే హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అనే సేవా సంస్థ అప్పుడు లీనా రోజర్స్ అనే నర్సుని ఒక నెల ప్రయోగంగా నాలుగు బడులకి పంపింది. చిన్న చిన్న జబ్బులకి ఆమె బడిలోనే మందు వేసి పిల్లల్ని క్లాసుకి పంపేది. మిగిలినవాళ్ల ఇళ్లకి వెళ్లి, మందు ఎలా వేయాలో, శుభ్రత ఎలా పాటించాలో తల్లులకి చేసి చూపించేది. ఏడాది తిరిగేసరికి జబ్బు పేరుతో ఇంటికి పంపించాల్సిన పిల్లల సంఖ్య దాదాపు 90 శాతం తగ్గింది. ప్రయోగంగా మొదలైన పని కాస్తా ఉద్యోగమైంది, నగరం మరికొందరు నర్సుల్ని నియమించింది.

నేను ఈ సంగతి తల్లిదండ్రులకి తరచూ చెబుతుంటాను. జబ్బు కనిపెట్టడం దగ్గర ఆగిపోయిన చోట పిల్లలు బడికి దూరమయ్యారు. వెంటపడి చూసుకునే మనిషి వచ్చాక తిరిగి బెంచీ మీదకి వచ్చారు. ఇప్పటికీ ఈ రంగంలో అసలు లెక్క హాజరుపట్టీదే.

మీ అమ్మాయికి శరీరం మీదా మనసు మీదా రెంటిమీదా ఆసక్తి ఉందన్నారు. తేల్చుకోలేకపోతోందని కంగారుపడకండి. 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ అనే సైకాలజిస్టు దగ్గరికి ఒక టీచరు పద్నాలుగేళ్ల కుర్రాణ్ని తీసుకొచ్చింది. ఆ పిల్లవాడికి స్పెల్లింగులు ఎంతకీ రావు. విట్మర్ పరీక్షించి చూస్తే చూపులో లోపం ఉన్నట్టు తేలింది. కళ్లద్దాలు పెట్టించి, ఆ తర్వాత చదువు విషయంలో విడిగా సాయం చేశారు. సైకాలజీ క్లినిక్కుల చరిత్ర మొదలైందే ఆ పిల్లవాడితో. చూపు మందగించిన పిల్లలు సాధారణంగా ఫిర్యాదు చేయరు. లోకం అందరికీ అలాగే మసగ్గా కనిపిస్తుందనుకుంటారు. బోర్డు మీద రాసింది ఎక్కించుకోలేక మొద్దులనో బద్ధకస్తులనో పేరు తెచ్చుకుంటారు. గోడకి తగిలించే అక్షరాల చార్టు 1862 నుంచీ ఉంది, కానీ దాని ముందు ఆ పిల్లవాణ్ని నిలబెట్టే మనిషి ఉండాలి కదా.

సరే, దారుల సంగతికి వద్దాం. నా దృష్టిలో మీ అమ్మాయికి మొదటి దారి నర్సింగ్ డిగ్రీ. బడిలో నర్సు పని అంటే దెబ్బకి కట్టు కట్టడం, జ్వరం చూడటం అనుకుంటాం. అసలు పని వేరే ఉంటుంది. టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లవాడు ఆటల పీరియడ్ అయ్యాక చెమటలు పట్టి, వణుకుతూ, తిక్కతిక్కగా మాట్లాడుతుంటే, అది పొగరు కాదు, షుగర్ పడిపోయిందని వెంటనే పోల్చుకోవాలి. త్వరగా ఒంటబట్టే చక్కెర పదిహేను గ్రాములు ఇచ్చి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష చేయాలి. ఆస్తమా పిల్లలు ఇన్‌హేలర్ సరిగ్గా పీలుస్తున్నారో లేదో చూడాలి. తీవ్రమైన ఎలర్జీ వచ్చినప్పుడు ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ తొడకి ఇవ్వడానికి క్షణం తటపటాయించకూడదు. ఇవన్నీ తను లేని రోజున టీచర్లు కూడా చేయగలిగేలా వాళ్లకి నేర్పాలి. వీటితోపాటు స్క్రీనింగ్, అంటే లోపాలు ముందే పట్టుకోవడానికి పిల్లలందరినీ పరీక్షించడం ఉంటుంది. ఒక్క రోజులో వందమందికి కళ్లు పరీక్షించడం పెద్ద కష్టం కాదు. లోపం ఉందని రాసిచ్చిన పిల్లల్లో ఎంతమంది ముఖాన నెల తర్వాత కళ్లద్దాలున్నాయి? ఎవరి ఇంట్లో ఆ చీటీ సంచిలోనే ఉండిపోయింది? అది పట్టించుకోవడమే ఈ ఉద్యోగం.

ఇక్కడ ఒక సలహా ఖచ్చితంగా చెబుతాను. డిగ్రీ అయిన వెంటనే బడిలో చేరనివ్వకండి. ఆసుపత్రిలో పిల్లల వార్డులోనో ఎమర్జెన్సీలోనో కనీసం రెండేళ్లు చేయనివ్వండి. బడిలో నర్సు ఒంటరి. అనుమానం వస్తే పక్క గదిలో అడగడానికి డాక్టరు ఉండరు. ఏ పిల్లని క్లాసుకి పంపొచ్చో, ఏ పిల్లకి అంబులెన్సు పిలవాలో తనే తేల్చాలి. చాలా జబ్బుల్ని కళ్లారా చూసినవాళ్లకే ఆ నిబ్బరం వస్తుంది.

కౌన్సెలింగ్ వైపు వెళ్లాలనుకుంటే మూడు ఉద్యోగాలున్నాయి. మాటల్లో మూడింటినీ కలిపేస్తాం కానీ చదువులు వేరు. స్కూల్ కౌన్సెలర్ పిల్లలతో విడిగానూ, చిన్న గుంపులుగానూ మాట్లాడతారు. స్నేహాలు, ఏడిపింపులు, పరీక్షల టెన్షన్, ఇంట్లో జరిగిన నష్టాలు వారి దగ్గరికి వస్తాయి. స్కూల్ సైకాలజిస్టు పరీక్షలు చేసి, చదవడంలోనో లెక్కల్లోనో ఇబ్బంది ఎక్కడుందో తేల్చి, టీచర్లతో కలిసి ఆ పిల్లకి ప్రణాళిక వేస్తారు. దీనికి పీజీ, కొన్ని దేశాల్లో అంతకు మించిన చదువు కావాలి. సోషల్ వర్కర్ ఇంటికీ బడికీ మధ్య తిరుగుతారు. వరసగా పది రోజులు రాని పిల్ల ఎందుకు రాలేదో గుమ్మం దాకా వెళ్లి తెలుసుకుంటారు. పది నుంచి పంతొమ్మిదేళ్ల వయసు వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక క్లాసులో ఎంతమంది అవుతారో మీరే ఊహించుకోండి. ఆ అవసరానికి తగినంతమంది మనుషులు లేరు. అమెరికాలో వృత్తి సంఘాలు 250 మంది విద్యార్థులకి ఒక కౌన్సెలర్, 500 మందికి ఒక సైకాలజిస్టు ఉండాలంటాయి. అక్కడే సగటున అంతకంటే చాలా ఎక్కువమందిని చూడాల్సి వస్తోంది.

ఈ పనిలో చేరేముందు మీ అమ్మాయి ఒక విషయం ఆలోచించుకోవాలి. పిల్లలు నమ్మి చెప్పింది బయట పెట్టకూడదు. కానీ ఆ పిల్ల తన ప్రాణానికి హాని చేసుకునేలా ఉన్నా, ఇంకొకరికి హాని చేసేలా ఉన్నా, ఎవరైనా తనని హింసిస్తున్నారని చెప్పినా రహస్యం ఉంచకూడదు. ఆ మాట ఆ పిల్లకి ముందే చెప్పి మొదలుపెట్టాలి. తర్వాత ఆ పిల్ల కోపగించుకున్నా, మాట్లాడటం మానేసినా తట్టుకోవాలి. అలాగే 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడగడం నేర్చుకోవాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది జంకుతారు. అది అపోహ. అడగడం వల్ల ఎక్కువమంది పిల్లలకి గుండె బరువు దిగుతుంది.

పైన చెప్పిన రెండు దారులూ కలిసే చోటు ఒకటుంది, నాకు ఎంతో ఇష్టమైన చోటు. మనసు బాగోని పిల్లలు మొదట కౌన్సెలర్ దగ్గరికి రారు. కడుపునొప్పి అంటూ, తలనొప్పి అంటూ నర్సు గదికి వస్తారు. ప్రతి సోమవారం ఉదయం మొదటి పీరియడ్‌కే కడుపునొప్పి వచ్చే పిల్ల కథ ఒంటిలోనే ఉండకపోవచ్చు. ఆ నొప్పిని అబద్ధమని కొట్టేయకుండా, రిజిస్టరులో తేదీలు చూసి, మెల్లగా ఒక ప్రశ్న అడగగల నర్సు ఉంటే ఆ బడి పిల్లలు అదృష్టవంతులు. అందుకే నర్సింగ్ చదివి, తర్వాత కౌన్సెలింగ్‌లోనో పిల్లల మానసిక ఆరోగ్యంలోనో పీజీ చేస్తే మీ అమ్మాయి రెండు ఇష్టాలూ ఒకే కుర్చీలో కూర్చుంటాయి.

స్పీచ్ థెరపీ (మాట ఇబ్బందులు సరిచేయడం), ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పడం), డైటెటిక్స్ (ఆహార శాస్త్రం) చదివినవాళ్లకీ బడుల్లో పని ఉంది. ఒక్కొక్క పిల్లతో కాకుండా ఊరు మొత్తం బడుల లెక్క చూడాలని తనకి ఎప్పుడైనా అనిపిస్తే పబ్లిక్ హెల్త్ ఉంది. ప్రతి బడీ ఆరోగ్యాన్ని పెంచే బడి కావాలంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునెస్కో కలిసి 2021లో ఎనిమిది ప్రమాణాలు ప్రకటించాయి. అలాంటివాటిని కాగితం మీంచి బడిదాకా తెచ్చేది పబ్లిక్ హెల్త్ చదివినవాళ్లే.

వాళ్లమ్మ గారి కోరికలో తప్పేమీ లేదు. అమ్మాయికే ఇష్టమైతే డాక్టరు కోర్సుకి ప్రయత్నించనివ్వండి, పిల్లల వైద్యంలోంచీ పబ్లిక్ హెల్త్‌లోంచీ కూడా బడుల వైపు రావచ్చు. కాకపోతే డాక్టరు బడికి వచ్చి వెళ్తారు, రోజూ అక్కడే ఉండేది నర్సూ కౌన్సెలరే. తనకి కావాల్సింది ఏదో తననే అడగండి. ఒక్క మాట మాత్రం చెప్పాలి: డాక్టరు సీటు రాకపోతే 'పోనీలే, నర్సింగ్‌లో చేర్పిద్దాం' అని ఇంట్లో ఎవరూ అనకండి. ఆ ఒక్క మాట పిల్లలు ఏళ్ల తరబడి మోస్తారు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎందరిలోనో చూశాను.

ఇంకో జాగ్రత్త. 'మూడు నెలల్లో చైల్డ్ కౌన్సెలర్', 'వెల్‌నెస్ కోచ్' అంటూ సర్టిఫికెట్ కోర్సులు కనిపిస్తుంటాయి. వాటికి డబ్బు కట్టి, ఆ కాగితంతో ఏ బడీ ఉద్యోగం ఇవ్వక వెనక్కి వచ్చిన పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఏ కోర్సులో చేరినా ముందు మూడు సంగతులు అడగండి. ఇది పూర్తయ్యాక ఏ చట్టబద్ధ సంస్థలో రిజిస్ట్రేషన్ వస్తుంది? సీనియర్ల పర్యవేక్షణలో ఎన్ని గంటలు పిల్లలతో నేరుగా పనిచేయిస్తారు? ఆ గంటలకి సంతకం పెట్టేవారి అర్హత ఏమిటి? జవాబులు నసిగితే వచ్చేయండి. మొదట ఎక్కడైనా చెల్లే పూర్తి లైసెన్సు చదువు, ఆ తర్వాతే బడికి ప్రత్యేకించిన చదువు. ఈ వరస తప్పకండి. రేపు బడి ఉద్యోగం నచ్చకపోయినా ఆసుపత్రి తలుపు తెరిచే ఉంటుంది.

జీతం సంగతి దాచను. ఆసుపత్రిలో ఒక స్థాయికి చేరిన నర్సుకి వచ్చేంత బడిలో చాలాచోట్ల రాదు. బదులుగా రాత్రి డ్యూటీలు ఉండవు, సెలవులుంటాయి. ప్రభుత్వ బడుల్లో కొన్ని పోస్టులు ఏదో ఒక ప్రాజెక్టు కింద ఉంటాయి, నిధులు ఆగితే పోస్టూ ఆగుతుంది. కాబట్టి నియామకం విద్యాశాఖదా ఆరోగ్యశాఖదా, శాశ్వతమా కాంట్రాక్టా, ఒక్క బడా నాలుగు బడులా అన్నది చేరేముందే రాతలో చూసుకోవాలి. ఎదుగుదల లేదన్నది మాత్రం నిజం కాదు. చాలా బడుల నర్సుల మీద పర్యవేక్షకురాలు కావచ్చు, కొత్తవాళ్లకి శిక్షణ ఇవ్వచ్చు, పరిశోధనలోకో ప్రభుత్వ ప్రణాళికల్లోకో వెళ్లొచ్చు.

ఇప్పుడే చేయగలిగింది కూడా ఉంది. గుర్తింపు ఉన్న చోట ప్రథమ చికిత్స, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి) శిక్షణ తీసుకోనివ్వండి. సెలవుల్లో చిన్నపిల్లలకి చదువు చెప్పే చోట కొన్ని వారాలు స్వచ్ఛందంగా పనిచేయనివ్వండి. రోజూ అదే పిల్లవాడు అదే ఫిర్యాదుతో వస్తే తనకి విసుగొస్తుందో, కారణం తెలుసుకోవాలనిపిస్తుందో అక్కడ తేలుతుంది. ఆ నర్సు గారు ఇంకా అదే బడిలో ఉంటే అమ్మాయిని వెళ్లి కలవమనండి. పిల్లల వివరాలేవీ అడగొద్దు, అవి ఆవిడ చెప్పరు, చెప్పకూడదు కూడా. ఆవిడ ఏం చదివారు, బడికి రాకముందు ఎక్కడ పనిచేశారు, ఏ రోజు బాగా అలసిపోయారు, మానేద్దామని ఎప్పుడైనా అనుకున్నారా, అనుకుని ఎందుకు ఆగిపోయారు - ఇవి అడగమనండి. ఇంటికి వచ్చాక వాళ్లమ్మకి కూడా వినిపించమనండి. మీరు చూస్తున్న కోర్సుల పేర్లు, ఆ మూడు ప్రశ్నలకి వచ్చిన జవాబులు రాసి పంపితే ఏది ఎంచుకోవచ్చో కలిసి చూద్దాం.