నీళ్ళు ఇవ్వాలా, పోయాలా, పెట్టాలా?

సందేహం: మా అపార్ట్‌మెంటులో మేడ మీద కుండీల్లో పూలమొక్కలు పెంచేవాళ్ళం కొందరం ఉన్నాం. ఈ చలికాలానికి వెర్బినా వేద్దామనుకుని, ఎలా పెంచాలో తెలుగులో రాసి అందరికీ పంచాలనుకున్నాను. ఇంగ్లీషులో చదివినదాన్ని పట్టుకుని ఇలా రాశాను: “వెర్బినాకు పూర్తి సూర్యకాంతిని అందించండి. మంచి మురుగునీటి సౌకర్యం కలిగిన మట్టిని ఉపయోగించండి. క్రమం తప్పకుండా నీటిని ఇవ్వండి. చనిపోయిన పూల తలలను తొలగించండి.” వ్యవసాయం చేసిన మా అత్తగారు ఇది చదివి, “మొక్కకు నీళ్ళు ఇవ్వడమేమిటమ్మా?” అన్నారు. మరి పోయాలా, పెట్టాలా, కట్టాలా? ఆ మొక్క పేరు వెర్బినా, వెర్బెనా, వర్బీనా అని మూడు రకాలుగా కనిపిస్తోంది. ఏది ఒప్పు? తెలుగు పేరు పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: మీ వాక్యాల్లో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. చిక్కంతా క్రియల్లో ఉంది. అందించడం, ఉపయోగించడం, ఇవ్వడం, తొలగించడం అనే నాలుగూ ఏ పనికైనా సరిపోయే మాటలు. అందుకే అవి ఏ పనినీ కళ్ళకు కట్టవు. తోటపనికి తెలుగులో ఉన్న క్రియలు అలాంటివి కావు. చేతిలో ఏముండాలో, ఆ పని ఎంతమేర చెయ్యాలో క్రియలోనే ఉంటుంది. దాన్ని వదిలేస్తే మీ సలహాలో సగం పోయినట్టే.

ముందు నీళ్ళ సంగతి చూద్దాం. చెంబుతోనో మగ్గుతోనో మొక్క మొదట్లో వంచితే అది పోయడం. కాలువ నీళ్ళో బోరు నీళ్ళో వదిలి నేలంతా తడిపితే పెట్టడం. మడవ (గట్టుకు పెట్టిన గండి) తీసి ఒక మడి నిండాక ఇంకో మడికి మళ్ళించడాన్ని కోస్తాలో చాలాచోట్ల నీళ్ళు కట్టడం అంటారు. తెలంగాణలో పొలం పారించడం అంటారు. మొలకల మీద పడీపడనట్టు వేస్తే చల్లడం, ఇంకా సన్నగా అయితే చిలకరించడం. ఇన్ని మాటలు అలంకారం కోసం పుట్టలేదు. పని మారితే మాట మారింది. 1962లో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం మొత్తం వ్యవసాయ పదాలే. అది తిరగేస్తే, ఒక్కో చిన్న పనికి రైతుల దగ్గర ఎంత కచ్చితమైన మాట ఉందో తెలుస్తుంది.

ఈ మాటల్లో వెర్బీనాకు సరిపోయేది పోయడమే. అయితే ఎప్పుడు పోయాలన్నది కూడా చెప్పాలి. మీరు రాసిన “క్రమం తప్పకుండా” అన్న మాట చదివినవాళ్ళు రోజూ పొద్దున్నే ఒక మగ్గు పోస్తారు. వెర్బీనా వేరు తడిలో నానితే కుళ్ళుతుంది. దీనికి మన సేద్యంలో చక్కని మాట ఉంది: ఆరుతడి. ఆరనిచ్చి తడి పెట్టడం. వరి కాక, నేల ఆరాక మధ్య మధ్య తడిపితే చాలు అనుకునే పంటలను ఆరుతడి పంటలు అంటాం. వెర్బీనా సరిగ్గా ఆ స్వభావం ఉన్న మొక్క. పైమట్టి ఒక అంగుళం మేర ఆరిందాకా ఆగి, అడుగు రంధ్రంలోంచి నీళ్ళు కారేదాకా మొక్క మొదట్లో పోయాలి. ఆకుల మీద, పూలమీద పోయకూడదు. “ఆరుతడిగా నీళ్ళు పోయండి” అని మూడు మాటల్లో రాస్తే, పల్లె ఎరిగిన ప్రతివారికీ ఇదంతా అర్థమవుతుంది. పట్నంలో పుట్టిన పిల్లలకు ఒక వాక్యం అదనంగా విప్పి చెప్పండి, ఆ మాట వాళ్ళకూ అందుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇవ్వడం అన్ని చోట్లా తప్పు కాదు. “రెండు తడులు ఇవ్వాలి” అనడం వ్యవసాయ రచనల్లో స్థిరపడిన ప్రయోగం. అక్కడ తడి అన్న మాట ఉంది కాబట్టి అర్థానికి లోటు లేదు.

మురుగునీటి సౌకర్యం అన్న మాట మీరు సొంతంగా అల్లింది కాదు. “మురుగునీరు పోయే సౌకర్యం గల నేలలు” అని వ్యవసాయ పుస్తకాల్లో ఏళ్ళుగా రాస్తున్నారు. రైతుకు మురుగు అంటే పొలంలో పంటకు మించి నిలిచిపోయిన నీరు. పట్నవాసికి మురుగు అనగానే వీధి కాలువ గుర్తొస్తుంది. మీ పాఠకులు పట్నంవాళ్ళు. “నీళ్ళు నిలవని మట్టి”, “గుల్లగా ఉండే మట్టి” అనండి. తోటమట్టిలో ఇసుక, కొబ్బరిపొట్టు, చివికిన పశువుల ఎరువు కలిపితే మట్టి గుల్లబారుతుంది. ఈ వాక్యంలో ఏ మాటకూ వివరణ అక్కర్లేదు.

సూర్యకాంతి పాఠ్యపుస్తకాల మాట. తోటలో ఉండేది ఎండ. అందులోనూ తేడాలున్నాయి. ఆకుల సందుల్లోంచి పడే ముక్క ఎండపొడ. లేత ఎండ నీరెండ. వెర్బీనాకు ఎండపొడ చాలదు, రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. నీడలో పెడితే కాడలు సాగిపోతాయి, పూలు తగ్గుతాయి, ఆకుల మీద తెల్లటి పొడి కమ్ముకుంటుంది.

ఆ తెల్లటి పొడి గురించి ఒక మాట. దాన్ని చాలామంది “పురుగు పట్టింది” అంటున్నారు. అది పురుగు కాదు, శిలీంధ్రం వల్ల వచ్చే బూడిద తెగులు. చీడ వేరు, తెగులు వేరు. పేనుబంక, తెల్లదోమ, ఎర్రనల్లి చీడలు. బూడిద తెగులు, వేరుకుళ్ళు తెగుళ్ళు. ఈ భేదం పాటించకపోతే జరిగే నష్టం భాషతో ఆగదు. తెగులుకు పురుగుల మందు కొట్టి, మొక్క కోలుకోలేదని బాధపడేవాళ్ళను నేను చూస్తూనే ఉన్నాను.

నాటడానికి ముందు జరిగే పనిని మీరు రాయలేదు. వెర్బీనా గింజలు మొలకెత్తడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. అవి చీకట్లోనే బాగా మొలుస్తాయి కనుక పైన పలచగా మట్టి కప్పాలి. ఈ పనికి నారు పోయడం అన్న మాట ఉండగా “సీడ్లింగ్స్ రెడీ చేసుకోవడం” ఎందుకు? ప్లాస్టిక్ ట్రేలో పోసినా అది నారే. తెలుగు నేల మీద సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నారు పోస్తే చలికాలమంతా పూలు చూడవచ్చు. ఎండలు ముదిరాక మన మైదానాల్లో ఈ మొక్క నిలవదు. నారు నాటుతాం. గుంజను పాతుతాం. మొక్కను పాతడం అనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ ప్రాంతంలో అది సహజం, తప్పు పట్టనక్కర్లేదు. నాటిన నారు రెండు మూడు రోజులు తల వాల్చి, మళ్ళీ కోలుకుని కొత్త ఆకు వేస్తుంది. ఆ కొత్త ఆకును మారాకు అంటారు. “మొక్క సెట్ అయ్యాక ఎరువు వేయండి” అని ఇప్పుడు అందరూ రాస్తున్నారు. సెట్ అయిందని దేన్ని చూసి తెలుసుకోవాలి? “మారాకు వేశాక” అంటే చూడవలసిన గుర్తు ఆ మాటలోనే ఉంది. వాడుకలోంచి జారిపోతున్న మాటల్లో నేను ఎక్కువగా దిగులుపడేది దీని గురించే. మీ కాగితంలో దీన్ని తప్పక వాడండి.

“చనిపోయిన పూల తలలు” చదివితే మనసు చివుక్కుమంటుంది. పువ్వు వాడుతుంది, వడలుతుంది, రాలుతుంది. చనిపోయే మాట మనం మొక్క మొత్తానికి అంటాం, పువ్వుకు అనం. ఇక తొలగించడం బదులు ఏమనాలి? గోటితో చేసేది గిల్లడం. వేళ్ళతో పట్టి విరిచేది తుంచడం. కత్తెరతో చేసేది కత్తిరించడం. దేవుడికో జడకో పనికొచ్చే పువ్వును మాత్రం కోస్తాం. వెర్బీనాకు మొదటి మూడూ కావాలి, ఒక్కొక్కటి ఒక్కో దశలో. మొక్క 3, 4 అంగుళాలు పెరగగానే కొన చిగురు గిల్లితే పక్కకొమ్మలు వేసి గుబురవుతుంది. పూసి వాడిన గుత్తిని, దాని కిందున్న మొదటి జత ఆకుల దాకా తుంచేయాలి. ఒక్కో రేక ఏరితే లాభం లేదు, గుత్తి ఉంటే మొక్క గింజ కట్టే పనిలో పడి కొత్త మొగ్గలు తగ్గిస్తుంది. కొన్ని వారాలు విరగబూసి అలసినట్టు కనిపిస్తే పైనుంచి పావువంతు కత్తిరించాలి. ఈ మూడు పనులకూ “కట్ చేయడం” అని ఒకే మాట వాడితే, చిగురు గిల్లవలసిన చోట కొమ్మ పోతుంది.

దీన్ని తీగ అనకండి. తీగ ఊతం దొరికితే అల్లుకుంటుంది. వెర్బీనా అల్లుకోదు, నేల మీద పరచుకుంటుంది. చాలా రకాలు మట్టికి తగిలిన కణుపు దగ్గర వేళ్ళు వేస్తాయి. ఉట్టిలో పెట్టిన కుండీ నుంచి కిందికి జాలువారుతుంది. కుండీ, తొట్టి రెండూ ఒప్పే. హైదరాబాదు పాఠకులకు గోలెం అన్నా పరాయిగా ఉండదు.

పేరు విషయం. లాటిన్‌లో ఇది వెర్బేనా, దేవతారాధనలో వాడే పవిత్రమైన కొమ్మలకు రోమన్లు పెట్టుకున్న పేరు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దాన్ని మొక్కల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరుగా నిలిపాడు. ఇంగ్లీషు ఉచ్చారణలో రెండో అచ్చు ఈకారమైంది. మన నర్సరీలకు పేరు ఆ దారినే వచ్చింది కనుక వెర్బీనా అని దీర్ఘంతో రాయడం నా మట్టుకు సబబు. విత్తనాల ప్యాకెట్టు అట్ట మీద గ్లాండ్యులేరియా అని కనిపిస్తే కంగారుపడకండి. తోటల్లో పెంచే సంకర రకాలు దక్షిణ అమెరికా జాతుల నుంచి వచ్చాయి. వాటిని ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు ఆ ప్రజాతిలో చేరుస్తున్నారు.

కొత్త తెలుగు పేరు మనం కూర్చుని తయారుచెయ్యడం నాకు సమ్మతం కాదు. బంతి మెక్సికో వైపు నుంచి వచ్చింది, బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చింది. వాటికి పేర్లు పెట్టింది వాటితో తరాలు గడిపిన జనం. వెర్బీనా కుటుంబంలోనిదే అయిన లాంటానాను కొన్నిచోట్ల తలంబ్రాల మొక్క అంటారు. గుత్తిలోని రంగురంగుల చిన్నపూలు చూసినవారికి ఆ పేరు ఎలా తట్టిందో వేరే చెప్పక్కర్లేదు. అంత దగ్గరితనం కుదిరేదాకా వెర్బీనా వెర్బీనాగానే ఉండనివ్వండి. విభక్తులు హాయిగా అతుకుతున్నాయి: వెర్బీనాకు, వెర్బీనాతో, వెర్బీనాలు.

మీ వాక్యాలను నేనైతే ఇలా రాస్తాను: “వెర్బీనా కుండీని రోజుకు 6 గంటలు ఎండ తగిలే చోట పెట్టండి. నీళ్ళు నిలవని గుల్లమట్టి వాడండి. మారాకు వేశాక కొద్దిగా ఎరువు వేయండి. పైమట్టి ఆరాకే, మొక్క మొదట్లో, ఆరుతడిగా నీళ్ళు పోయండి. వాడిన గుత్తులు ఎప్పటికప్పుడు తుంచేయండి.” పంచేముందు మీ అత్తగారికి ఒకసారి చదివి వినిపించండి. ఆవిడ ఊరి మాట ఇంకేదైనా చెబితే, నేను రాసినది కొట్టేసి అదే ఉంచండి.